క్యారియర్ లేని సైకిల్

గురజాల నుంచి మాచర్ల పోయే రోడ్డు పక్కన మూతబడ్డ నాపరాయి క్వారీ ఒకటుంది. ఆ క్వారీ గుట్ట మీద నుంచి కిందికి దిగే దారిలో ఒక మలుపు. దాని ఊసు గుట్ట కింది ఊళ్లో పొద్దుగూకాక ఎవరూ ఎత్తరు. పగలైనా "ఆ మలుపు" అంటారు... అంతే.

చీకటి పడ్డాక ఆ మలుపులో సైకిలు బరువెక్కుతుందట. వెనక ఎవరో ఎక్కి కూర్చున్నట్టు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరట.

నేను ఇలాంటివి నమ్మే రకం కాదు. ఇప్పటికీ కాదనే చెబుతాను — కాకపోతే మునుపటంత గట్టిగా చెప్పలేను.

ఆ గుట్ట మీద బాట వేసింది కలిసి సైకిళ్లు తొక్కే మా జట్టే. ముందుండి వేయించినవాడు జిలానీ. గురజాలలో అతనికి సైకిల్ షాపు ఉంది. వేసవంతా ఆదివారాలు గడ్డపారలు పట్టుకుని సర్కారు తుమ్మ కొట్టాం, రాళ్లు పేర్చాం, మలుపులకి మట్టి కట్టలు పోశాం. అరచేతులు బొబ్బలెక్కాయి. ఎందుకురా ఈ తిప్పలు అంటే జిలానీది ఒకటే మాట.

"మన పిల్లకాయలకి లారీల మధ్యన తప్ప సైకిల్ తొక్కే చోటేదన్నా?"

ఊరి పిల్లలందరితో ఒక ఆదివారం పొద్దున రైడ్ పెట్టుకున్నాం. ఈలోగా మా వాళ్లు ముగ్గురు, వేర్వేరు సాయంత్రాలు, ఆ మలుపులోనే పడ్డారు. ఒకడికి చెయ్యి విరిగింది. ఇంకేముంది, ఊరంతా గుప్పుమంది.

మాజీ సర్పంచ్ ధనుంజయరావు గారు జిలానీని పిలిచి తేల్చేశారు.

"ఒరేయ్, పొద్దుగూకినాక నువ్వొక్కడివే ఆ మలుపు దిగి రా. ఏం కాకపోతే పిల్లల్ని పంపిస్తాం. పడ్డావో... ఆ బాటకి కంప అడ్డం ఏపిస్తా. మళ్లీ నన్నడగమాక."

ఒప్పుకోక ఏం చేస్తాడు? వేసవంతా పడ్డ కష్టం ఆ ఒక్క మలుపు మీద ఆధారపడింది.

శనివారం సాయంత్రం జిలానీ గుట్ట ఎక్కబోతుంటే, రోడ్డు మొగదల సుబ్బులమ్మ ఆపింది. అక్కడే ఆమె ఇల్లు. ఆమె భర్త రోశయ్య ఆ క్వారీలోనే రాయి కొట్టేవాడు. అక్కడే పోయాడు.

"అబ్బయ్యా, క్వారీ నడిచేటప్పుడు ఒక కట్టుబాటుండేది. సాయంత్రం ఎవురి సైకిలూ ఖాళీగా దిగగూడదు. సైకిల్ లేనోణ్ని ఎనక ఎక్కించుకోవాల, రోడ్డు కాడ దింపాల." ఆమె గొంతు తగ్గించింది. "ఒక రోజు ఎవురూ ఆగలా. మా ఆయన చీకట్లో నడిచొస్తా, ఆ మలుపు కాడ గుంతలో పడ్డాడు... ఇంకా అక్కడే నిలబడుంటాడు. ఆగి ఎక్కమను. కిందికొచ్చినాక దిగమను. మర్చిపోమాక."

జిలానీ నవ్వాడట.

"నా సైకిల్‌కి క్యారియరే లేదత్తా! మామ యాడ కూచుంటాడు?"

నిజమే. గుట్టల్లో తొక్కే గేర్ల సైకిల్ అది. క్యారియర్ ఉండదు. సీటు కింద లావుపాటి షాకబ్జార్బర్ స్ప్రింగు ఉంటుంది. మనిషి కూర్చుంటే కుంగుతుంది, దిగితే ఉస్సుమని లేస్తుంది. షాపుకి వచ్చిన పిల్లలు సరదాకి దాన్ని నొక్కి నొక్కి చూసేవాళ్లు.

ఇక పైన జరిగింది జిలానీ నాకు చెప్పిన ప్రకారం చెబుతాను.

గుట్ట పైకి చేరేసరికి పొద్దు పూర్తిగా వాలింది. హెల్మెట్ లైటు వేసుకుని దిగడం మొదలుపెట్టాడు. మొదటి వాలు... బాగానే ఉంది. రెండో వాలు... చక్రాల కింద రాతిముక్కలు కటకటమంటున్నాయి, అంతే.

మలుపు వచ్చింది.

ఆగుదామా, వద్దా — ఆలోచించేలోపే చేతులు బ్రేకులు నొక్కేశాయి. సీటు మీద నుంచి లేచి రెండు కాళ్లూ నేలకి ఆనించి నిలబడ్డాడు. గాలి లేదు. పురుగు చప్పుడు కూడా లేదు.

సిగ్గుపడుతూనే, గుసగుసగా అన్నాడు —

"ఎక్కు మామా."

స్ప్రింగు కుంగింది.

సీటు మీద తను లేడు... ఇంకా నిలబడే ఉన్నాడు.

ఆ తర్వాత వెనక్కి చూస్తే ఒట్టు. సైకిల్ నిజంగానే బరువెక్కింది. వాలులో కూడా పెడల్ తొక్కాల్సి వచ్చింది. వెన్ను మీద ఎవరిదో ఊపిరి — కాదు, చెమట ఆరుతోంది, చెమటే — అని తనకి తానే చెప్పుకుంటూ తొక్కాడు. చిత్రమేమిటంటే, ముగ్గురిని పడేసిన ఆ మలుపులో సైకిల్ ఇసుమంత కూడా జారలేదు.

కింద రోడ్డు మొగదల మేమంతా కాచుకుని ఉన్నాం. ఇక్కడి నుంచి నా కళ్లారా చూసిందే.

లైటు కనబడగానే ఈలలు, చప్పట్లు. జిలానీ మొహంలో నెత్తుటి చుక్క లేదు. సైకిల్‌ని సుబ్బులమ్మ ఇంటి గోడకి ఆనించి, "బరువు... ఎనక బరువు..." అన్నాడు.

ధనుంజయరావు గారు టార్చి వేసి వెనక చక్రం చూశారు. టైరులో గాలి సగం పోయి ఉంది. వేలితో తడిమి, సర్కారు తుమ్మ ముల్లొకటి పీకారు.

"ఇదేరా నీ దెయ్యం!"

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. జిలానీ కూడా నవ్వాడు. ఆయన అక్కడికక్కడే మాట ఇచ్చారు, "రేపు పిల్లలంతా వస్తార్లే పో!" అని. మావాళ్లు జిలానీని భుజాల మీదికి ఎత్తేశారు. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవడం దేనికి.

జనం వెళ్లిపోయారు. జిలానీ, నేను మిగిలాం. గాలి కొడదామని అతను సంచిలోంచి పంపు తీశాడు. ఇంకా తగిలించలేదు.

గుమ్మంలోంచి సుబ్బులమ్మ అడిగింది.

"దింపావా అబ్బయ్యా?"

జిలానీ చెయ్యి ఆగిపోయింది. ఆ సందట్లో... ఆ మాట అననే లేదు.

"ముల్లు పిన్నమ్మా, చూశావుగా..." అని నవ్వబోయి, సైకిల్ వైపు చూశాను.

స్ప్రింగు కుంగే ఉంది.

ముల్లు గుచ్చుకుంటే టైరు అణుగుతుంది, సరే. ఎవరూ కూర్చోని సైకిల్‌కి స్ప్రింగు ఎందుకు కుంగాలి?

"మా ఆయన చానా మొహమాటస్తుడు. దిగమంటేగానీ దిగడు." సుబ్బులమ్మ మెట్లు దిగి వచ్చింది. సీటు వెనక, క్యారియర్ ఉండాల్సిన చోట, ఉత్త గాల్లోకి చెయ్యి చాపింది.

"ఇల్లొచ్చింది... దిగయ్యా."

మేమిద్దరం దూరంగానే ఉన్నాం. ఆమె చెయ్యి సైకిల్‌కి తగల్లేదు.

ఉస్సుమని... స్ప్రింగు పైకి లేచింది.

సుబ్బులమ్మ వెనక్కి వెళ్లి, గుమ్మం దగ్గర ఒక పక్కకి ఒదిగి నిలబడింది — ఒక మనిషి లోపలికి వెళ్లేంత సేపు. ఆ తర్వాత తనూ వెళ్లి తలుపేసుకుంది.