ఖాళీ గది బరువు

చీకటి పడుతోంది. ఆఫీసులో అందరూ వెళ్ళిపోయారు. ఏసీ గుంయ్‌మంటోంది. వేడెక్కిన వైర్ల వాసన. నా చేతుల్లో చిన్న గేమ్ కన్సోల్. మా ఆట అందులో సెకనుకు అరవై బొమ్మలు గీస్తూ సాఫీగా సాగిపోతోంది, ఒక్క గదిలో తప్ప. అక్కడికి రాగానే తెర మీది అంకె ఇరవైకి పడిపోతుంది. ఆట కాళ్ళీడుస్తుంది.

ఆ గది మా చెల్లి గీసింది. నా పక్క కుర్చీలోనే కూర్చుని గీసింది. చిన్నప్పుడు మేమిద్దరం పడుకున్న గదే. రెండు మంచాలు, ఒక కిటికీ. అది పూర్తవగానే జ్వరంతో ఆసుపత్రిలో చేరింది. మళ్ళీ రాలేదు.

గది తీసేయక తప్పేట్టు లేదని మేనేజర్ మెత్తగానే చెప్పారు. ఈ ఒక్క సాయంత్రం ఇమ్మని బతిమాలాను.

ఆ గదిలోంచి దీపం తీసేశాను. నీడలు తీసేశాను. ఆఖరికి మంచాలూ తీసేశాను. కిటికీ వైపు చూస్తే అరవై. చెల్లి మంచం ఉండే మూలకు తిరిగితే ఇరవై. అక్కడ ఏమీ లేదు. అయినా కన్సోల్ దేన్నో గీస్తోంది... చాలా బరువైనదాన్ని.

ఆటలో ఆ మూలకు నడిచాను. పన్నెండు. ఇంకాస్త దగ్గరికి. ఐదు.

ఇయర్‌ఫోన్లలో ఎవరో ఊపిరి పీల్చారు. మా ఆటలో అలాంటి చప్పుడు లేదు.

"చెల్లీ... నువ్వేనా?"

తెర ఆగిపోయింది. కన్సోల్ మంచుగడ్డలా చల్లబడింది.

"అక్కా... ఇక్కడ ఎవరూ లేరు. నన్ను తీసుకుపోవా?"

ఆసుపత్రిలోనూ ఇంటికి తీసుకుపొమ్మనే అడిగింది. డాక్టర్లు ఒప్పుకోలేదు. ఇప్పుడు అడ్డు చెప్పేవాళ్ళు లేరు. ఎలా తీసుకుపోవాలో నాకు తెలియదు. అక్కడ ఒంటరిగా వదిలేయడం మాత్రం నావల్ల కాలేదు. ఆ గదే లేకపోతే బయటికి వచ్చేస్తుందనిపించింది.

"నాతో వచ్చెయ్యి, తల్లీ," అని ఏడుస్తూనే గది మొత్తం చెరిపేశాను.

అంకె అరవైకి లేచింది. ఎక్కడా తడబాటు లేదు. మేనేజర్‌కి ఫోన్ చేస్తే ఇంకా కిందే ఉన్నానని, ఒకసారి చూస్తానని పైకి వచ్చారు.

తలుపు దగ్గర మామూలుగానే నడిచారు. చెల్లి కుర్చీ దాకా వచ్చేసరికి ఆయన కాలు గాల్లో ఆగింది. దిగింది. మళ్ళీ ఆగింది... నవ్వు కూడా ముక్కలు ముక్కలుగా విచ్చుకుంది. ఆయనకేమీ తెలియలేదు.

"ఏంటమ్మా, అలా చూస్తున్నావు?"

పెదవులు కదిలి మూసుకున్న చాలాసేపటికి ఆ మాట నాకు వినిపించింది.