తిరిగిపోయిన కవరు

పొద్దున్నే తాతమ్మ వాకిట్లో పట్టా పరిచి నెత్తళ్ళ చేపలు ఆరబోస్తూ, కాకుల్నీ కొడుకునీ కలిపి తిడుతోంది. కాకులు ఎగిరిపోయాయి. పాపం, దుర్గారావుకి ఆ సౌకర్యం లేదు.

"కొత్త పడవ మీద మీ తాత పేరేంట్రా? పెళ్ళాన్నీ రెండేళ్ళ పిల్లనీ గాలికొదిలేసి, రంగూన్‌లో ఇంకోదాన్ని కట్టుకున్న మనిషి!"

"నీకు నాన్న కాడేంటమ్మా? ఎవడో చూశానన్నాడని ఎనభై ఏళ్ళు నమ్ముతావా?"

"బంగార్రాజు అని రాయించావంటే నేను రేవులో అడుగు పెట్టను. ఆనక నీ ఇష్టం."

తాతమ్మ అన్నది వరస కాదు, ఆమె పేరే. పాలకాయతిప్ప దగ్గర ఆ పల్లెలో ఆమె మొండితనం తెలియనివాళ్ళు లేరు. తల్లి చేత్తో కొబ్బరికాయ కొట్టించకుండా పడవని నీళ్ళలోకి నెట్టే అలవాటు ఆ ఇంట్లో లేదు. శుక్రవారమే ముహూర్తం. దుర్గారావు నోరు మూసుకుని కాఫీ తాగాడు.

అప్పుడే అతని కూతురు రోజా బందరు నుంచి దిగింది. అక్కడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. రెండేళ్ళుగా ముత్తాత కోసం పాత రిజిస్టర్లు తిరగేసి, ఊరి ముసలివాళ్ళని విసిగించి, సైన్యం రికార్డు ఆఫీసుకి నాలుగు ఉత్తరాలు రాసింది. చివరికి జవాబొచ్చింది.

"మామ్మా, చేతులు కడుక్కుని రా. మీ నాన్న దొరికాడు."

"దొరికితే అక్కడే ఉండమను" అంది తాతమ్మ. కానీ చేతులు మాత్రం కడుక్కుంది.

రోజా అరుగు మీద కూర్చుని చదివింది. "బంగార్రాజు. వృత్తి చేపల వేట. కుడిచేతి మీద తేలు పచ్చబొట్టు. నలభై రెండులో సైన్యంలో చేరాడు. నలభై నాలుగులో బర్మా సరిహద్దు ఆసుపత్రిలో జ్వరంతో పోయాడు. అప్పటికి రంగూన్ ఇంకా జపాన్‌వాళ్ళ చేతిలోనే ఉంది మామ్మా. ఆయన అక్కడికి వెళ్ళనే లేదు."

తాతమ్మ ముఖం ఒక్కక్షణం మెత్తబడి, మళ్ళీ బిగిసింది. "పోతే కబురు చెయ్యరా? మా అమ్మ చచ్చేదాకా బొట్టు తియ్యలేదు, ఆయన్ని తిట్టడమూ మానలేదు. మనిషి పోయాడని ఒక్క ముక్క రాయడానికి గవర్నమెంటు దగ్గర సిరా లేదా?"

"రాశారు" అంది రోజా ఉక్రోషంగా. "ఆ కవరు వెనక్కి వచ్చిందని ఫైల్లోనే దాచారు. ఇదిగో దాని నకలు. దాని మీద పోస్ట్‌మ్యాన్ తెలుగులో రాశాడు. 'ఇంట్లో చిన్నపిల్ల మాత్రమే ఉంది. అలాంటివాళ్ళు ఇక్కడ ఎవరూ లేరని చెప్పింది.'"

"పక్కింటి పిల్ల ఎవరో అయ్యుంటుంది" అన్నాడు దుర్గారావు.

తాతమ్మ అరుగు అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"నేనేరా."

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"అందరూ చేపలు ఉప్పెయ్యడానికి రేవుకెళ్ళారు. ఖాకీ బట్టలేసుకుని ఒకాయనొచ్చాడు. మా బాబాయిని కూడా యుద్ధానికి పట్టుకుపోతారని మా అమ్మకి ఒకటే భయం. ఖాకీవాళ్ళు ఎవరొచ్చి ఏ పేరడిగినా, లేరని చెప్పమని నేర్పింది. 'బంగార్రాజు ఇల్లు ఇదేనా, ఆయన కూతురివా?' అనడిగాడు. లేరు పొమ్మన్నాను. సాయంత్రం అమ్మకి చెబితే మెచ్చుకుని బెల్లంముక్క పెట్టింది."

అంతే, ఆ ముసలిప్రాణం భోరుమంది. దుర్గారావు తల్లిని దగ్గరికి తీసుకున్నాడు. "నాలుగైదేళ్ళ పిల్లవి. నీకేం తెలుసమ్మా!"

"ఊహ తెలిశాక కూడా తిట్టానుగదరా. ఇందాక పొద్దున్నే తిట్టాను" అని ముక్కు చీదింది. ఏడుపులోనే కసిరింది. "అలా చూస్తావేం? పెద్దక్షరాలతో రాయించు. ఒడ్డున నిలబడ్డా కనపడాలి. రంగులో పిసినారితనం చేశావంటే ఊరుకోను."

రోజా కళ్ళు తుడుచుకుని ఇంకో కాగితం తీసింది. "సైన్యంలో చేరిన రోజు ఆయన చెప్పిన ఇంట్లోవాళ్ళ పేర్లు మామ్మా. మొదటిది మీ అమ్మ. రెండోది తాతమ్మ, కూతురు."

"నా పేరు చెప్పాడా? ఎక్కడుందే?"

చదువురాని ఆ వేలిని రోజా పట్టుకుని అక్షరాల మీద పెట్టింది. తాతమ్మ వేలు అక్కణ్ణించి కదల్లేదు.

"ఉన్నాను నాన్నా" అంది. "ఇక్కడే ఉన్నాను."