ఆయుధపూజ నాడు ఆపని మిషన్

మహర్నవమి మధ్యాహ్నం. అమీర్‌పేటలో ఆ గల్లీ అంత నిశ్శబ్దంగా ఉంటుందని సంగీత ఎన్నడూ అనుకోలేదు. మామూలు రోజుల్లో కోచింగ్ సెంటర్ల పిల్లలతో మెట్ల మీద కాలు పెట్టే సందుండదు. ఇవాళ సెల్లార్‌లోని దుకాణాలన్నీ పొద్దున్నే పూజ ముగించి షట్టర్లు దించేశాయి.

చివరికి మిగిలిన పక్క దుకాణం రుద్రమ్మ కూడా తన జిరాక్స్ మిషన్‌కు బంతిపూల దండ వేసి, పైన తువ్వాలు కప్పి, మెయిన్ స్విచ్ ఆపేసింది. పోతూ పోతూ సంగీత దుకాణంలోకి తొంగి చూసింది. బల్ల మీద కంప్యూటర్‌కు పసుపు, కుంకుమ అన్నీ సక్రమంగానే ఉన్నాయి. కానీ సంగీత ప్లగ్గు పెడుతోంది.

"ఏందే బిడ్డా గది? పూజ చేసినంక మల్ల నడుపుతున్నవా?"

"రేపు పొద్దుగాల ఇచ్చేదుంది అత్తా."

"ఏడాదంత నడుస్తయి. గీ ఒక్క దినం గవి సుత పండుకుంటయే. లేపద్దు."

"నా దుకాణం పండుకుంటే ఎవరు లేపుతరు?" అంది సంగీత విసురుగా. రుద్రమ్మ నొచ్చుకుని, కొంగు సర్దుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

సంగీత కోపంలో న్యాయం లేకపోలేదు. బల్ల మీది ఆ కంప్యూటర్ పంజాగుట్టలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ప్రమోద్‌ది. కంపెనీ పెట్టిన వేగాన్ని దాటించి ప్రాసెసర్‌ను పరుగెత్తిస్తానని సంగీత అతనికి మాటిచ్చింది. రెండుసార్లు తీసుకెళ్లాడు, రెండుసార్లూ పని మధ్యలో తెర నీలంగా మారి ఆగిపోయింది. నిన్న ఫోన్‌లో మర్యాదగానే చెప్పాడు. "సంగీత గారూ, దసరా నాడు కొత్త మిషన్ మీద పని మొదలుపెట్టుకుందామనుకున్నానండీ. మూడోసారి కూడా ఆగితే ఇక వద్దు. నన్నడిగిన వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పేస్తా." ఆడపిల్లకు కంప్యూటర్లు బిగించే పనేంటని నవ్విన గల్లీ ఇది. ప్రమోద్ నోరు తెరిచాడంటే ఈ షట్టర్ మళ్లీ లేవదు.

పరీక్ష మొదలుపెట్టింది. ప్రాసెసర్‌తో ఊపిరి సలపనంత పని చేయించి, ఎక్కడ ఆగిపోతుందో చూడటమే ఆ పరీక్ష. కాసేపటికే ఆగింది. వోల్టేజి కొంచెం పెంచింది. ఈసారి ఎక్కువసేపు నడిచింది గానీ వేడి తొంభై డిగ్రీలు దాటి మళ్లీ ఆగింది. వోల్టేజి తగ్గిస్తే ఇంకా ముందే ఆగింది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, లేకపోతే తప్పు ఎక్కడుందో దొరకదు. అదే ఆమె పద్ధతి. ర్యామ్ ముక్కలు ఒక్కొక్కటే పీకి చూసింది. పవర్ సప్లై మార్చింది. ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ విప్పి, కింద వేడిని లాగే పాత పేస్ట్ తుడిచి, కొత్తది రాసి బిగించింది. ఏం చేసినా తొంభై దాటడం, తెర నీలంగా మారడం. వేగం తగ్గిస్తే నడుస్తుందని ఆమెకూ తెలుసు. తగ్గించడానికి మనసొప్పలేదు.

మెట్ల మీది వెలుతురు పలచబడింది. సెల్లార్‌లో పొద్దుటి అగరుబత్తుల వాసన ఇంకా అలాగే నిలిచి ఉంది. దాని కింద ఇంకేదో వాసన... వెంట్రుకలు కమురుతున్నట్టు. వైర్లన్నీ తడిమి చూసింది. ఎక్కడా కాలలేదు.

పరీక్ష మళ్లీ మొదలైంది. ఫ్యాన్ హోరెత్తింది. ఆ హోరులో ఇంకో చప్పుడు వినిపించింది. ఆయాసపడుతున్నట్టు... లాగి, వదిలి... లాగి, వదిలి...

బేరింగ్ పోయిందేమోనని ఫ్యాన్ వైరు పీకింది.

ఫ్యాన్ ఆగింది.

ఆయాసం ఆగలేదు.

సంగీతకు భయమేసింది. భయపడ్డందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద ఠపీమని కొట్టింది.

"ఎవరది?"

కూలర్ రేకుల సందుల్లోంచి... సన్నగా... ఆడో మగో తెలియని గొంతు.

"జర... పండుకోనియ్యి..."

పక్క దుకాణాల వైపు చూసింది. అన్నిటికీ తాళాలే. మెట్ల దాకా ఎవరూ లేరు. ప్లగ్గు పీకేసి పరుగెత్తొచ్చు. కాళ్లు రెండడుగులు వేశాయి కూడా. అప్పుడు ప్రమోద్ మాటలు గుర్తొచ్చాయి. గల్లీ నవ్వు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగింది.

"ఎవరైతే నాకేంది? రేపు పండుకో. ఇయ్యాల నువ్వు నడవాలె."

"కాలుతుంది..."

"కాలనియ్యి!"

"కాలుతుంది... గీ వేడి ఎవరు మోస్తరు..."

తెర మీద తొంభై. తొంభై ఒకటి. ఇంకొక్క క్షణమైతే తెర నీలం.

"నేను మోస్త!" అని అరిచి సంగీత కుడి అరచేతిని కూలర్ మీద అదిమి పెట్టింది. "నా చెయ్యి కాలనియ్యి. నువ్వు మాత్రం ఆగద్దు!"

చురుక్కుమంది. చేయి తీయలేదు. పళ్లు బిగబట్టి తెర వైపే చూసింది.

తొంభై... డెబ్బై... నలభై... ముప్పై.

ఫ్యాన్ ఇంకా ఆగే ఉంది. ప్రాసెసర్ ఒళ్లు వంచి పని చేస్తూనే ఉంది. చేతి కింద కూలర్ రేకులు చల్లగా తగిలాయి. ఆయాసం వినిపించడం లేదు. చాలాసేపటికి పరీక్ష పూర్తయిందని తెర చెప్పింది. చేయి తీసి చూసుకుంది. బొబ్బ కూడా లేదు. సెల్లార్ దద్దరిల్లేలా నవ్వింది సంగీత.

దసరా పొద్దున్నే ప్రమోద్ వచ్చి మిషన్ పట్టుకెళ్లాడు.

సాయంత్రం బల్కంపేటలో ఇంటి ముందు కూర్చుంది సంగీత. మధ్యాహ్నం నుంచి ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. నిద్ర లేకనే అనుకుంది. రుద్రమ్మ జమ్మి కొమ్మ పట్టుకుని పలకరించడానికి వచ్చింది. నిన్నటి మాట మనసులో పెట్టుకోలేదు పాపం. అప్పుడే ఫోన్ మోగింది.

"సంగీత గారూ, ఏం మాయ చేశారండీ! పొద్దుట్నుంచీ ఫుల్లుగా వాడుతున్నా, వేడి ముప్పై దాటట్లేదు. ఈ రాత్రంతా ఇలాగే నడిపించమంటారా, కాసేపు ఆపమంటారా?"

"బంగారం లెక్క ఉండు బిడ్డా" అంటూ రుద్రమ్మ పచ్చి జమ్మి రెబ్బను సంగీత కుడి చేతిలో పెట్టి, ఉలిక్కిపడి తన చేయి వెనక్కి లాక్కుంది.

అరచేతిలో రెబ్బ మెల్లగా ముడుచుకుంది. అంచులు గోధుమ రంగుకు తిరిగాయి. ఆ తర్వాత నల్లగా...

"హలో? ఆపమంటారా అండీ?"

రుద్రమ్మ కళ్లు పెద్దవి చేసి ఆ చేతినే చూస్తోంది. సంగీత పిడికిలి బిగించింది.

"ఎందుకు ఆపుతరు? నడవనియ్యండి."

మూసిన వేళ్ల సందుల్లోంచి సన్నగా పొగ లేచింది.