ఉరి తీసిన సాక్షి

"టార్గెట్, మంత్రిగారు. టైము, పదకొండున్నర. పటాన్‌చెరు దగ్గర కొత్త మందుల ఫ్యాక్టరీ ప్రారంభోత్సవం. విదేశీ ముఠా మనిషి ఒకరు క్యాంటీన్ ఆడవాళ్ళలో కలిసిపోయారు." చీఫ్ బాపిరాజు బ్రీఫింగ్ అంతే.

"నా పార్ట్‌నర్ అన్నపూర్ణ తోడుంటే బాగుండేది సార్," అన్నాడు ఏజెంట్ రాజారావు.

"ఆమె ఢిల్లీలో ఉందయ్యా. నువ్వొక్కడివే చూసుకో."

క్యాంటీన్ సూపర్‌వైజర్ వేషం. దొంగ మీసం. జేబులో పెన్ను ఆకారపు ట్రాన్స్‌మీటర్. 1994 ఎండలకు మీసం కింద చెమట ఒకటే చిరచిర.

గిన్నెలు తోముతున్న ముత్యమ్మ అతన్ని ఇట్టే పోల్చుకుంది. కోర్టులో చూసిన మొహం మరి. ఐదేళ్ళ క్రితం ఇదే పటాన్‌చెరు రోడ్డు మీద మరో మంత్రి కారుకు ట్యాంకర్ అడ్డం పెట్టిన డ్రైవర్ యాదన్న ఆమె భర్త. ఆ కారు పేలిపోయింది. అన్నపూర్ణ రాసిచ్చిన రిపోర్టు పట్టుకుని, కుట్రంతా యాదన్నదేనని సాక్ష్యం చెప్పింది రాజారావే. అన్నపూర్ణ కోర్టు గడప తొక్కనేలేదు. మొన్న చలికాలంలో యాదన్నను ఉరితీసిన రోజు రాజారావు ఆఫీసులో మిఠాయి పంచాడు.

"బండి అడ్డం పెట్టిండు, తప్పే," అంది ముత్యమ్మ తలెత్తకుండా. "నల్లజెండాలు సూపిస్తరంటే నమ్మిండు. ముసలోడయ్యేదాంక జైల్ల పెట్టకపోయిన్రా? గా పని జెప్పినామె మొకం జూసింది ఆయనొక్కడే. గాయిన్నే సంపితిరి."

"ఆమె ఎవరు?"

"ఆయన కోర్టుల మొత్తుకున్నప్పుడు ఇన్నరా?" అంటూనే చెయ్యి ఆపింది. "సారూ, గామెను సూడుండ్రి. గుమ్మడిదల మనిషినంటది. బోరు నీళ్ళు తాగుతున్నది! ఫ్యాక్టరీలొచ్చిన కాడికెల్లి మా దిక్కు బోరు నీళ్ళు పసులు గూడ ముట్టయి."

నిజమే. ప్రతి ఆడమనిషి పక్కనా ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా. బోరు నల్లా దగ్గర దోసిలి పట్టింది ఒక్కతే. ఆమె ఇటు తిరిగింది.

ఐదేళ్ళు అతనితో ఒకే టిఫిన్ బాక్సులో తిన్న మనిషి.

"అన్నపూర్ణా!"

"లేటయ్యావు రాజా." ఆమె చేతిలో లిప్‌స్టిక్. దాని అడుగున బాంబు రిమోట్ బటన్. వేదిక మీద మంత్రి కత్తెర అందుకున్నాడు. బొటనవేలు బటన్ మీదికి జరిగింది.

ముత్యమ్మ విసిరిన ఇనుప గరిటె మణికట్టుకు తగిలింది. ఎగిరిన లిప్‌స్టిక్‌ను రాజారావు గాల్లోనే పట్టాడు. వెనకే రిబ్బన్ తెగింది. చప్పట్లు.

సంకెళ్ళు పడ్డాక అన్నపూర్ణ నవ్వింది. "యాదన్న బతికుంటే ఎప్పుడో దొరికిపోయేదాన్ని. నీకు థాంక్స్ చెప్పనేలేదు కదూ?"

రాజారావు పెన్ను నొక్కి చీఫ్‌కు విషయం చెప్పాడు.

"అన్నపూర్ణా?" అరిచాడు చీఫ్. "ద్రోహి! ఉరి తీయించాల్సిందే."

"వద్దు సార్. ముఠా పేర్లన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. ఈసారి సాక్షిని బతకనిద్దాం."

ముత్యమ్మ గరిటె ఏరుకుంది. "గీ తెలివి మొన్న చలికాలం యాడ వోయింది సారూ? జెర జరుగుండ్రి. మంత్రి బతికిండు గద, ఇగ ప్లేట్లు గావాలె."