పన్నెండు సెకన్ల ఖాళీ

విశాఖపట్నంలో పాట బాగోలేదనే మాట వినిపించక అప్పటికి రెండేళ్లయింది. చెవిగింజ వచ్చాక అంతే మరి.

చెవిగింజ అంటే పెసరగింజంత యంత్రం. చెవి వెనక అంటించుకుంటారు. పాట వింటున్నప్పుడు మన నాడినీ, గొంతులో మనకే తెలియని చిన్న చిన్న కదలికలనీ అది కనిపెడుతుంది. విసుగు పుట్టిన చోట పాటని అప్పటికప్పుడే మార్చేస్తుంది. మనసు ఏది కోరుకుంటే అది కలుపుతుంది. అయ్యాక మన అభిప్రాయం కూడా అదే రాసేస్తుంది.

అసిరి ఆల్బమ్‌కి నలభై వేల అభిప్రాయాలొచ్చాయి. అన్నీ ఐదు నక్షత్రాలే. అయినా ఆమె కళ్లలో వాన కురవని మబ్బులాంటి దిగులు.

ఏ కంపెనీ అండా లేకుండా తొమ్మిది నాట్ల పాటలు తనే పాడి, తనే రికార్డు చేసుకుంది అసిరి. నాట్ల పాట ఒక్కరు పాడేది కాదు. ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకోవాలి. ఆమె ఎత్తుకున్న ప్రతి పాటనీ వాళ్లమ్మ పోలమ్మే అందుకునేది. పోయిన ఆషాఢంలో పోలమ్మ చనిపోయింది. ఆమె గొంతు ఎక్కడా రికార్డు కాలేదు. అందుకే ఎనిమిదో పాటలో, అమ్మ అందుకోవాల్సిన చోట, అసిరి పన్నెండు సెకన్లు ఖాళీగా వదిలేసింది. అసలు ఆల్బమ్ చేసిందే ఆ ఖాళీ కోసం. అమ్మ లేదన్న సంగతి ఒక్కరికైనా వినపడాలని.

ఆ మధ్యాహ్నం చెవిగింజ తయారుచేసే ల్యాబ్‌కి షేర్ ఆటోలో బయల్దేరింది. డ్రైవర్ అద్దంలో చూసి గుర్తుపట్టేశాడు.

"ఏటక్కా, అసిరివి కదూ! ఎనిమిదో పాటలో ఆ డప్పుంది సూడు, ఒళ్లు ఊగిపోయిందనుకో!"

"డప్పేంటండీ? అది వేణువు," అంది పక్కనున్న కాలేజీ అమ్మాయి.

"ఏణువా? నువ్వు ఇన్నది ఏరే పాటేమో సూసుకో."

"మీకే చెవుల్లేవు. గింజొక్కటే ఉంది."

"తగువెందుకు, అక్కనే అడుగుదుము. డప్పా, ఏణువా?"

"అక్కడ నేనేమీ పెట్టలేదు బాబూ," అంది అసిరి.

ఇద్దరూ పకపకా నవ్వారు. జోకేసిందనుకున్నారు పాపం.

ల్యాబ్‌లో చెవిగింజని కనిపెట్టిన డాక్టర్ సుధాంశు ఆమెని కూర్చోబెట్టాడు. కిటికీ అవతల సముద్రం బూడిద రంగులో ఉంది. దానికీ మనసు బాగోలేదేమో.

"నా పాటల్ని మార్చొద్దండి. ఉన్నవి ఉన్నట్టు వినిపించండి," అంది అసిరి.

"ఈ మీట నొక్కితే అయిపోతుందమ్మా. పాడినవాళ్లు అడిగితే నేను కాదనకూడదు. కానీ మీరెప్పుడైనా గింజ పెట్టుకుని విన్నారా?"

"నా పాట నేను వినడానికి గింజెందుకండీ?"

"ఒక్కసారి వినండి. తర్వాత మీ ఇష్టం."

పెట్టుకుంది. ఎనిమిదో పాట మొదలైంది. చరణం ముగిసింది. ఖాళీ వచ్చింది.

పోలమ్మ అందుకుంది.

అదే బొంగురు. చుట్ట కాల్చీ కాల్చీ గరుకెక్కిన గొంతు. నారు కట్ట సర్దుకుని ఎప్పుడూ అరక్షణం ఆలస్యంగా అందుకునేది పోలమ్మ. ఇప్పుడూ సరిగ్గా అంతే ఆలస్యం.

"ఇది... ఇదెక్కడిది బాబూ?"

"మీ గొంతులోదే. మీరు లోలోపల ఎవర్ని విన్నారో, గింజ వాళ్లనే చదివింది." సుధాంశు మీట మీద వేలు పెట్టాడు. "నొక్కమంటారా? నొక్కితే గింజ కలిపిందంతా అందరికీ మాయమైపోతుంది. మీకు కూడా."

అసిరి చెవి వెనక గింజని వేలితో అదిమి పట్టుకుంది.

"ఇంకోసారి పెట్టండి," అంది.

ఆ తర్వాత ఆమె మీట మాటే ఎత్తలేదు. ఊళ్లో నాట్లకి పిలిచినా వెళ్లడం లేదట. అక్కడి ఆడవాళ్లు మరీ త్వరగా అందుకుంటున్నారని విసుక్కుందట.

ల్యాబ్‌కి వెళ్లొచ్చిన సాయంత్రమే ఆల్బమ్‌కి ఇంకో అభిప్రాయం చేరింది, అసిరి పేరుతో. ఐదు నక్షత్రాలు.

పోలమ్మ లేదన్న సంగతి ఇప్పటిదాకా ఎవరికీ వినపడలేదు. ఆఖరికి అసిరికి కూడా.