పచ్చికలో ఎనిమిది చాపలు

శనివారం పొద్దున పరిశోధకురాలు మెర్ల్ టాన్‌క్రెడ్ ఆఫీసులోకి వచ్చిన బెరిల్, కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలో నలిగిన ఉత్తరాన్ని బల్ల మీద కొట్టింది.

"నేను పెంచిన గడ్డిని నేనే కలుపు మందు కొట్టి చంపానంట మేడమ్! తొమ్మిదేళ్లుగా ఒక్క కలుపు మొక్క మొలవనిచ్చానా?"

మూలన కూర్చున్న నోయెల్ క్రైట్ నోటుపుస్తకం తెరిచాడు. బస్సు నడిపి రిటైరయ్యాక మెర్ల్ దగ్గర సహాయకుడిగా చేరి నాలుగేళ్లయింది. ఆమె తెలివి చూసి ముచ్చటపడడం అతనికి ఇంకా పాతబడలేదు. ఆమె కోపం చూసి భయపడడమూ అంతే.

బెరిల్ తారాబీ బౌలింగ్ క్లబ్‌లో, బంతులు దొర్లించి ఆడే పచ్చికను చూసుకునే మనిషి. ఆ పనికి పరీక్ష ప్యాసయి సర్టిఫికెట్ తెచ్చుకుంది. అయినా క్లబ్ ఆమెకు ఇచ్చేది అంట్లు తోమే కొత్తవాళ్లకిచ్చే అట్టడుగు రేటు. పైగా ప్రతి గురువారం మధ్యాహ్నం నలభైమంది ఆటగాళ్లకు టీలూ కేకులూ అందించే పని కూడా ఆమెదే. దానికి అసలు జీతమే లేదు. "నువ్వూ సభ్యురాలివేగా, సేవ అనుకో" అనేవారు. మద్యం లైసెన్సున్న క్లబ్బుల సిబ్బందికి కనీస వేతనాలు, విరామాలు ఇంతింత అని ప్రభుత్వ ఉత్తర్వు ఒకటుంది. దాన్ని పట్టుకుని బెరిల్, మరో పదకొండుమంది వేతన కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. మంగళవారమే విచారణ.

"గురువారాలు పనిచేశానని సాక్ష్యం చెప్పమని సభ్యుల్ని ఒక్కొక్కళ్లనీ అడిగాను. ఒక్కడూ సంతకం పెట్టలేదు. నా చేతి కేకులు తిన్నవాళ్లే! ఈ వారం కాస్త వాడితే ఎండకనుకున్నాను. నిన్న పచ్చికంతా మాడిపోయి కనిపించింది. మధ్యాహ్నానికి ఉద్యోగం పీకేశారు. ఇప్పుడు విధ్వంసం చేసినదాన్నని ముద్రేస్తే నా మాట ఎవరు వింటారు? మిగతావాళ్లు భయపడి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటామంటున్నారు."

మెర్ల్ పళ్లు నూరింది. పరిశోధకురాలు కాకముందు ఆమె ఇరవైరెండేళ్లు క్లబ్బుల్లో బారు వెనక నిలబడింది. "నోయెల్, టోపీ తీసుకో," అంది.

క్లబ్ పచ్చిక చూసేసరికి నోయెల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తివాచీలా ఉండే మైదానమంతా గోధుమరంగుకు తిరిగింది. అయితే ఒక అంచున, వరసగా ఎనిమిదిచోట్ల, పీటలంత ముక్కలు పచ్చగా మిగిలాయి. మెర్ల్ మోకాళ్ల మీద కూర్చుని టేపుతో కొలిచింది. ఎనిమిదీ ఒకే కొలత.

మేనేజరు ట్రెవర్ గాడ్ చిందులు తొక్కుతూ వచ్చాడు.

"ఇందులో పరిశోధించేదేముంది? బుధవారం జీతం గురించి నా మీద నోరు పారేసుకుంది. గురువారం పొద్దున్నే మందు కొట్టింది. శుక్రవారానికి గడ్డి చచ్చింది. మందులుండే షెడ్డు తాళంచెవులు మూడే. ఆవిడకొకటి, ప్రెసిడెంటుకొకటి, నాకొకటి."

"మీరు ఆడతారా?"

"నేనా? పదేళ్లలో బంతి ముట్టలేదు. ఆ ఆటంటేనే నాకు నిద్రొస్తుంది."

మెర్ల్ షెడ్డులోంచి ఖాళీ మందు డబ్బా తెచ్చి నోయెల్ చేతికిచ్చింది. అతను కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాడు. కొట్టిన ఏడు నుంచి పది రోజులకు ఆకు పూర్తిగా ఎండుతుందని ఉంది. గాడ్ భుజాలెగరేసి వెళ్లిపోయాడు.

వంటగదిలో లూర్దెస్ బకానీ గిన్నెలు తోముతోంది. ఆమె కూడా ఆ పన్నెండుమందిలో ఒకతె.

"ఇక్కడ ఆఖరుసారి ఆటలు జరిగింది పోయిన గురువారానికి ముందు గురువారమేనమ్మా. నలభై ఒక్క డిగ్రీల ఎండ. మూడింటికి టీ కోసం అందరూ నిలబడి ఆడే చాపలు, బంతులు ఎక్కడివక్కడ వదిలేసి లోపలికొచ్చారు. కర్టెన్లు దించేశాం. స్విచ్చి వేయగానే టీ బాయిలర్ ఢామ్మని పోయింది. బెరిల్‌కి పాపం నిమ్మ షర్బతు జగ్గులు మోసి మోసి చేతులు పడిపోయాయి. నాలుగింటిదాకా బయటి గుమ్మం దాటలేదు. తర్వాత ఎండకి ఆట రద్దన్నారు. చాపలు సాయంత్రం తీశారు. ఆ తర్వాత ఎండలు తగ్గక ఆటలే లేవు."

"ఇది చాలదా?" అన్నాడు నోయెల్ ఉత్సాహంగా.

"చాలదు," అంది మెర్ల్. "ఫిర్యాదు చేసినవాళ్లు ఒకళ్లనొకళ్లు కాపాడుకుంటున్నారంటారు. సిబ్బంది వేళలు గాడ్ రాసే పనిపట్టీలో ప్రతి గురువారం పన్నెండింటికే బెరిల్ ఇంటికెళ్లినట్టు రాసుంది."

బయట వరండాలో ప్రెసిడెంటు లయనెల్ ఫ్రేమ్ ఆటగాళ్లు వేసుకునే తెల్లబట్టల్లో దిగాలుగా కూర్చున్నాడు. పదకొండేళ్లుగా ఆయనే ప్రెసిడెంటు. "మనమంతా ఒక కుటుంబం కదా, బెరిల్ ఇలా చేస్తుందనుకోలేదు," అని కళ్లు తుడుచుకున్నాడు. ఆయన వెనక నోటీసు బోర్డు మీద, మే నెలలో పచ్చిక తవ్వేసి కృత్రిమ గడ్డి పరుస్తామన్న ప్రకటన ఉంది. నోయెల్ దాన్ని కూడా రాసుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం మెర్ల్ అందర్నీ క్లబ్ హాల్లో కూర్చోబెట్టింది. నలభైమంది సభ్యులు, పన్నెండుమంది సిబ్బంది, గాడ్, ప్రెసిడెంటు. బెరిల్ తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడింది.

"గాడ్ గారి లెక్క తప్పు," అంది మెర్ల్. "ఈ మందు ఒక్కరోజులో గడ్డిని చంపదు. కనీసం వారం కావాలి. మందు కొట్టింది బుధవారం గొడవ తర్వాత కాదు, అంతకు ముందు గురువారం. ఆ మాడిన నేలలో ఎనిమిది పచ్చటి ముక్కలున్నాయి, చూశారా? సరిగ్గా మీరు నిలబడి బంతి వేసే రబ్బరు చాపంత. చాపలు పరిచున్నప్పుడే మందు పడింది. ఈ పదిహేను రోజుల్లో చాపలు పరిచి ఉండి, చుట్టూ ఎవరూ లేని సమయం ఒక్కటే. ఆ గురువారం టీ వేళ. కర్టెన్ల వెనక మీరంతా తింటున్నప్పుడు."

హాల్లో గుసగుసలు లేచాయి. గాడ్ కుర్చీలోంచి సగం లేచాడు. "నాకూ తాళంచెవి ఉందని నా మీద..."

"కూర్చోండి. మీరైతే చాపల్ని కాలితో తన్ని పక్కకి నెట్టి మందు కొట్టేవారు. బెరిల్ అయినా తీసేదే. గడ్డి పని చేసేవాళ్లకి చాప అడ్డం. కానీ ఆట మధ్యలో వేసిన చాపని ముట్టుకోకూడదని నరనరాన జీర్ణించుకున్నవాడు ఒకడున్నాడు. పచ్చికని చంపుతూ కూడా ఆ నియమం తప్పలేకపోయాడు." ఆమె ముందువరస వైపు తిరిగింది. "ప్రెసిడెంటు గారూ, ఆవేళ మూడింటికి మీరెక్కడున్నారు?"

"ఎక్కడుంటాను? అందరితోపాటు ఇక్కడే. రెండు కప్పులు టీ తాగాను."

"ఎవరిచ్చారు?"

"ఇంకెవరు, మా బెరిలే," లయనెల్ ఆమె వైపు చూసి పెద్దరికంగా నవ్వాడు. "ఎప్పట్లాగే చిక్కగా, వేడిగా."

వెనక వరసలో ముసలి పెర్సీ విగ్గెట్ మెల్లిగా గొంతు సవరించుకున్నాడు.

"లయనెల్... ఆవేళ టీ ఎక్కడిదిరా? బాయిలర్ పేలిపోలా? అందరం షర్బతే తాగాం."

లయనెల్ మొహం పాలిపోయింది. తర్వాత ఒక్కసారిగా అరిచాడు.

"ఎలాగూ మేలో తవ్విపారేసే గడ్డే! ఈవిడ గెలిస్తే పన్నెండుమందికీ పాత బకాయిలు కట్టాలి. నా హయాంలో క్లబ్ మూతపడాలా? ఒక్కర్ని తప్పిస్తే మిగతావాళ్లు ఊరుకుంటారనుకున్నాను. మీ అందరి కోసమే చేశాను!"

"వీళ్ల కోసమా?" నోయెల్ తెలియకుండానే లేచి నిలబడ్డాడు. జీవితంలో ఎవరి మీదా గొంతెత్తని మనిషి అతను. మెర్ల్ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"కుటుంబం అన్నారే," అంది లయనెల్‌తో. "కుటుంబంలో మనిషి మీద చెయ్యని నేరం మోపుతారా? ఇంకో మాట కూడా మీ నోటే వచ్చింది. టీ ఇచ్చేది ఎప్పుడూ బెరిలేనని. గాడ్ గారూ, మీ పనిపట్టీలో పన్నెండింటికే ఇంటికెళ్లే మనిషి ఈయనకి మూడింటికి టీ ఎలా ఇస్తుంది?"

మెర్ల్ నలభైమందినీ కలియజూసింది. "మీరేం పుణ్యాత్ములు కాదు. గడ్డి సంగతి మీకు తెలీదు, నిజమే. గురువారాల సంగతి? అది మీ కళ్లముందు జరిగింది. ఆవిడ మీ గుమ్మాలెక్కి అడిగింది. సిగ్గుందా మీకు?" సంచిలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద వేసింది. "రేపు విచారణ. ప్రతి గురువారం మీకు ఎవరు వడ్డించారో మీ చేత్తో రాసి సంతకం పెట్టండి."

కుర్చీలు కదిలాయి. ముందుగా పెర్సీ వచ్చాడు. చొక్కా జేబులోంచి కలం తీసి, ఒంగి, శ్రద్ధగా రాయడం మొదలుపెట్టాడు. ఒకచోట కలం ఆగింది. అతను పక్కవాడి వైపు చూశాడు. పక్కవాడు వెనకవాడి వైపు చూశాడు. ఆ చూపు వరసంతా తిరిగి వచ్చింది.

"బెరిల్..." పెర్సీ తల ఎత్తలేదు. "నీ ఇంటిపేరేంటమ్మా?"

తొమ్మిదేళ్లు ఆమె చేతి కేకులు తిన్న నలభైమందిలో ఒక్కడికీ ఆ పేరు తెలియదు.

బెరిల్ తలుపు దగ్గర్నుంచి నడిచి వచ్చింది. బల్ల ముందు నిలబడింది.

"డ్రిస్కల్," అంది. "బెరిల్ డ్రిస్కల్. ఒక్కొక్కళ్లూ రాయండి. అందరూ రాసేదాకా నేనిక్కడే ఉంటాను."