పాలలో ముంచిన గరుడపచ్చ

“ఆమెను ఇప్పుడే ముట్టుకోవద్దు. మెడలోని నెక్లెస్‌ను మాత్రం వదలొద్దు.”

మద్రాసు ఆఫీసులో చీఫ్ ఒక ఫోటోను టేబుల్ మీదుగా కరుణాకరం వైపు తోశాడు. 1943 ఆగస్టు. ఫోటోలో ఎలీషబా నవ్వుతోంది. నాటకాల్లో పాడే మనిషి. మూడేళ్ళుగా డిపార్ట్‌మెంటుకు ఏజెంటు. ఏడాదిగా శత్రువుకు కూడా. మెడలో ఏడు పచ్చలు.

“ఆరు అసలువి. నడిమిది రంగు వేసిన గాజు. లోపల గోరంత ఫిల్ము. పదకొండు వందల మంది సిపాయిలు ఎక్కే ఓడ ఏ రోజు, ఏ దారిన వెళుతుందో అందులో ఉంది. ఆ తేదీ మార్చడం మన చేతుల్లో లేదు. గిద్దలూరు స్టేషన్లో నెక్లెస్ చేతులు మారుతుంది. మారిన క్షణంలో ఇద్దరినీ పట్టుకో. ఆరుగురు పోలీసులు మఫ్టీలో ఉంటారు.”

కరుణాకరం తలూపాడు. ఆ ఓడ ఎక్కేవాళ్ళలో తన తమ్ముడు యేసుబాబు ఉన్నాడన్న మాట చెప్పలేదు. చెబితే పని ఇంకొకరికి వెళ్ళేది.

గుంటూరు నుంచి పలకల వ్యాపారి వేషంలో, ఆమె ఎక్కిన బండిలోనే బయలుదేరాడు. చంకలో నమూనా పలకలు. చేతిలో గొడుగు, దాని పిడిలో ఒకే ఒక్క గుండు పట్టే పిస్టల్.

మార్కాపురం రోడ్డు స్టేషన్లో ఇంజను నీళ్ళు పట్టడానికి ఆగింది. ఎలీషబా ప్లాట్‌ఫారం మీదికి దిగింది; వెనకే అతనూ దిగాడు. టీ అంగడి దగ్గర తెల్లకోటు వేసుకున్న దొర ఒకడు, పలకలు కొనడానికి వచ్చినవాడిలా, టోపీ తీశాడు.

“కంభంలో మంచి నీళ్ళు దొరుకుతాయా?” వచ్చీరాని తెలుగు.

“చెరువు చూసినవాళ్ళు ఆ మాట అడగరు,” అంది ఎలీషబా, నెక్లెస్ కొక్కెం మీదికి చెయ్యి పోనిస్తూ.

కోడ్ వర్డ్! పోలీసులు గిద్దలూరులో ఉన్నారు. వీళ్ళు చోటు మార్చేశారు. కరుణాకరం గొడుగు పిడిని తిప్పబోయాడు. పక్కటెముకలకు పిస్టల్ గొట్టం గట్టిగా తగిలింది.

“గొడుగు కింద పెట్టు సేటూ,” వెనకనుంచి ఎవడో గొణిగాడు. “ఈ పక్క వానలు రావులే.”

పెట్టేశాడు. ఇంకేం చేయగలడు? పది అడుగుల దూరంలో తమ్ముడి ప్రాణం ఒక ఆడమనిషి మెడలో ఊగుతోంది.

అప్పుడే గేటు దగ్గర గోల. పలకల గనిలో పనిచేసే ముప్పై మంది ఒక నులకమంచాన్ని మోసుకొచ్చారు. మంచం మీద పిచ్చయ్య, కళ్ళు తేలేసి ఉన్నాడు. రాయి తిప్పుతుంటే పాము కరిచింది; కంభం డాక్టరు దగ్గరికి ఈ బండిలోనే తీసుకుపోవాలి. పక్కనే అతని భార్య రూతమ్మ పరుగెత్తుతోంది.

గని మేస్త్రీ ఓబులయ్య ఎలీషబా మెడ వైపు చూసి ఆగిపోయాడు.

“అగో, గరుడపచ్చ! రాక్షసుని పిత్తం నోట కరచుకొని పాములరాజు పోతాంటే గరుత్మంతుడు తరిమినాడు. అది నేలమీద పడి పచ్చ అయింది. పాముకు ఆ రాయంటే ఈనాటికీ భయమే. పాలల్లో ముంచి తాపితే విషం దిగుతాది!”

రూతమ్మ ఎలీషబా కాళ్ళు పట్టుకుంది. “అక్కా, ఒక్క గడియ ఇయ్యి. నా మొగుడు లేచినాక నా చేత్తోనే నీ మెడలో ఏస్తా.”

“ఏమే, మీరు దేవునిబిడ్డలు గదా! గరుత్మంతుణ్ణి నమ్ముతావా?” అన్నాడెవరో.

“ప్రభువు పచ్చరాయిలో పని జేయకూడదా ఏంది? నోరు మూసుకొని పాలు తే!”

“అది పనికిరాదమ్మా,” అంది ఎలీషబా.

“పనికొస్తాదో రాదో పాలే చెప్తాయి తల్లీ,” అన్నాడు ఓబులయ్య. “అసలు పచ్చయితే పాలు పచ్చబడతాయి.”

దొర చెయ్యి చాచాడు. “మేడమ్, టైమ్ లేదు.”

ఎలీషబా ఆ చేతిని చూసింది. తన పాదాల మీద ఉన్న తలను చూసింది. నెక్లెస్ తీసి రూతమ్మకు ఇచ్చింది.

అంగడి రమణమ్మ మరిగే పాలు లోటాలో పోసింది. నెక్లెస్ మునిగింది. గాజు మీది రంగు విషమేమో! కరుణాకరం నోరు తెరిచాడు. పిస్టల్ ఇంకాస్త గుచ్చుకుంది.

పాలు ఆకుపచ్చగా మారాయి.

“అసలుదే!” ముప్పై గొంతులు అరిచాయి. రూతమ్మ నెక్లెస్ పైకి తీసింది. నడిమి రాయి మంచినీళ్ళలా తెల్లగా ఉంది. వేడికి లక్క కరిగి వెనకమూత ఊడింది. ఫిల్ము పాలలో ఉంది.

దొర లోటా మీదికి దూకాడు.

“సచ్చే మనిషి నోటికాడి పాలు గుంజుకుంటావురా?” ఓబులయ్య ఒక్క తోపు తోశాడు. మరుక్షణం దొర వీపు మీద నలుగురు కూర్చున్నారు. కరుణాకరం పక్కటెముకల దగ్గర పిస్టల్ ఒత్తిడి పోయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

రూతమ్మ ఊది ఊది, ఫిల్ముతో సహా చివరి చుక్క దాకా పిచ్చయ్యకు తాపింది.

బండి కదిలింది. గార్డు పెట్టెలో, కరుణాకరం వేసిన బేడీలతో దొర ఒక మూల. మరో మూల ఎలీషబా చీర కొంగుతో పిచ్చయ్యకు విసురుతోంది.

“నన్ను అరెస్టు చెయ్యరా?” అంది.

“కంభం దాకా విసరండి. అతనికి గాలి కావాలి,” అన్నాడు కరుణాకరం.

కంభంలో డాక్టరు కాట్లు చూసి నవ్వాడు. “జెర్రిపోతు. విషం లేదు. భయంతో పడిపోయినాడు.”

రూతమ్మ మాత్రం తెల్లబడ్డ రాయిని కళ్ళకద్దుకుంది. “పాపం, దాని బలమంతా మా ఆయనకే ఇచ్చేసింది.”

మర్నాడు కంభంలోనే ఉన్న కరుణాకరానికి మద్రాసు నుంచి టెలిగ్రాం వచ్చింది: ఫిల్మును స్వాధీనం చేసుకొని, సీలు వేసి, వెంటనే పంపు.

కిటికీలోంచి చూశాడు. పిచ్చయ్య చెంబు పట్టుకొని కంపచెట్ల వైపు హుషారుగా నడుస్తున్నాడు. పదేళ్ళ సర్వీసులో మొదటిసారి పైవాళ్ళ ఆర్డరును ధిక్కరించాలని కరుణాకరం నిర్ణయించుకున్నాడు.